నాటిన మొక్క వాడిపోతే మూలకేశాలను తలచుకోండి
చోటు మార్చి నాటిన మొక్కకు నీళ్లు నిండుగా పోసినా ఆకులు వేలాడిపోవడం చూసిన ప్రతిసారీ నాకు మూలకేశాలే, అంటే మట్టిలోని నీటిని పీల్చే వేరు మీది సన్నటి నూగే, గుర్తొస్తాయి. ఒక్కో మూలకేశం ఒకే ఒక్క కణంలోని భాగం. వేరు పైపొర కణమే సన్నటి గొట్టంలా సాగి మట్టి రేణువుల మధ్యకు దూరుతుంది. గోడ పలచన, లోపల పెద్ద రిక్తిక, అంటే కణరసం నిండిన సంచి. అందుకే ద్రవాభిసరణతో, అంటే పలచటి ద్రావణం నుంచి గాఢమైన దానివైపు పొర గుండా నీరు కదలడంతో, నీరు ఇట్టే లోపలికొస్తుంది. ఖనిజాలను లాగే శక్తి కోసం మైటోకాండ్రియాలున్నాయి. వెలుతురుతో ఆహారం తయారుచేసే హరితరేణువులు ఉండవు, ఆ చీకట్లో వాటితో పనేముంది!

మొక్కను పట్టి పీకితే ఈ కేశాలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. తెగినవి అతకవు, కొత్తవి రావాల్సిందే. ఎరువు ఎక్కువైనా ఇదే చిక్కు: మట్టినీరు కణరసం కన్నా గాఢమైతే కణంలోని నీరే బయటికి పోతుంది. ముందురోజే తడిపి, మట్టిగడ్డతో సహా తీయండి. కొత్త కేశాలు వచ్చేదాకా నీడపట్టున ఉంచండి.