గాలిలో తిరిగి, నేలమీద వణికిన మోటారు

నేను ఇంట్లో తయారు చేసుకున్న ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డును బల్లమీద తలకిందులుగా పెట్టి రిమోట్ నొక్కితే మోటారు నున్నగా తిరిగేది. అదే బోర్డును నేలపై పెట్టి ఎక్కి నిలబడితే మాత్రం ముందుకు కదలక గిలగిలా కొట్టుకునేది, ఒక్కోసారి బెత్తెడు వెనక్కి కూడా జరిగేది. కాలితో ఒక తోపు తోసి, కదిలాక త్రాటిల్ ఇస్తే ఏ లోపమూ లేనట్టు పరుగెత్తేది. జవాబంతా ఈ చివరి సంగతిలోనే ఉందని గ్రహించడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది.

పది లిథియం అయాన్ సెల్స్‌ను వరుసగా కలిపిన 36 వోల్టుల బ్యాటరీ, 14 అయస్కాంతాల బ్రష్‌లెస్ మోటారు, దాని నుంచి చక్రానికి ఒక బెల్టు, వీటన్నిటినీ నడిపే కంట్రోలర్: నా బోర్డు ఇంతే. బ్రష్‌లెస్ మోటారులో ఏ క్షణాన ఏ ఫేజ్‌కు, అంటే మూడు తీగచుట్లలో దేనికి, కరెంటు పంపాలో తేల్చాలంటే రోటర్ (తిరిగే భాగం) ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు తెలియాలి. వేగంగా తిరుగుతున్నప్పుడు వైండింగ్‌లో (ఆ తీగచుట్లలో) పుట్టే ఎదురు వోల్టేజీని బట్టి అది ఆ స్థానాన్ని అంచనా వేస్తుంది. నిలిచి ఉన్న మోటారులో ఆ వోల్టేజీయే ఉండదు కనుక అప్పుడు అయస్కాంతాలను పసిగట్టి రోటర్ స్థానం చెప్పే మూడు హాల్ సెన్సార్లే ఆధారం.

ఇదంతా తెలిసి కూడా నేను మొదట అనుమానించింది రిమోట్‌ను. రిసీవర్ పంపే పల్సు 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య ఎక్కడా తడబడకుండా పెరుగుతోందని సాఫ్ట్‌వేర్‌లో చూశాక బ్యాటరీని అనుమానించాను. వణికే సమయంలో దాని వోల్టేజీ ఒక వోల్టు కూడా పడలేదు. ఆపైన మోటారు కరెంటు పరిమితిని 40 ఆంపియర్ల నుంచి 60కి పెంచాను. అది తెలివితక్కువ పని: వణుకు మరింత గట్టిపడింది, మోటారు చేయి పెట్టలేనంత వేడెక్కింది. తప్పుడు కోణంలో వెళ్తున్న కరెంటు ఎంత పెరిగినా బోర్డును ముందుకు నెట్టదు.

రెండో వారం కంట్రోలర్ నుంచి మోటారును వేరు చేసి, ఫేజ్ తీగలను రెండేసి చొప్పున కలిపి చేత్తో ఇరుసు తిప్పి చూశాను. మూడు జతల్లోనూ ఒకే రకమైన బిగువు తగిలింది కాబట్టి వైండింగ్ బాగున్నట్టే. మిగిలింది హాల్ సెన్సార్లు. మొదటి రోజు కంట్రోలర్ వాటిని సరిగ్గానే గుర్తించింది కనుక నేను వాటి జోలికే పోలేదు.

బెల్టు తీసేసి, సెన్సార్లకు 5 వోల్టులు అందుతుండగా, కంట్రోలర్ వైపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి మోటారును చాలా నెమ్మదిగా తిప్పాను. రెండు తీగలపై వోల్టేజీ పైకీ కిందకీ మారుతుండగా మూడో తీగ ఎప్పుడూ పైస్థాయిలోనే ఉండిపోయింది. ఈ సెన్సార్లు తీగను కిందకి లాగడం మాత్రమే చేస్తాయి, పైకి లేపేది కంట్రోలర్‌లోని రెసిస్టర్. అందువల్ల తెగిన తీగ కూడా పనిచేస్తున్నట్టే పైస్థాయిని చూపిస్తుంది. సెన్సార్లు చూపవలసిన ఆరు సంకేతాల్లో అప్పుడు మూడే సరిగ్గా చేరతాయి, రెండు వేరే స్థానాలుగా కనబడతాయి, ఒకటి అసలు రాకూడని 111 (మూడు తీగలూ పైస్థాయిలోనే) అవుతుంది. బరువు లేని చక్రం ఆ గందరగోళంలోనే ఎలాగో ఎగిరి వేగం అందుకునేది, కంట్రోలర్ సెన్సార్లను వదిలి సొంత అంచనాకు మారిపోయేది. నా బరువు మీద పడ్డాక ఆ వేగం అందేది కాదు.

కనెక్టర్ పిన్‌ను నేనే బిగించాను, అదీ రాగిని కాక పైనున్న ప్లాస్టిక్ తొడుగును పట్టుకునేలా. తొలిరోజు ఎలాగో తగులుతూ ఉన్న తీగ, పెట్టెలో సర్దుతూ వంచినప్పుడు పట్టు వదిలింది. కొత్త పిన్ వేసి, కంట్రోలర్‌తో సెన్సార్లను మళ్ళీ గుర్తింపజేసి ఎక్కితే బోర్డు మెత్తగా కదిలింది.

పూర్తి త్రాటిల్‌లో అప్పుడప్పుడు చిన్న కుదుపు మాత్రం మిగిలింది. సెన్సార్ తీగలను లావుపాటి ఫేజ్ తీగలతో కలిపి నేను ఒకే కట్టగా కట్టి ఉంచడమే దానికి కారణం. భారీ కరెంటు మారినప్పుడల్లా ఆ అలజడి వీటిలోకి చొరబడుతోంది. రెండింటినీ పెట్టెలో చెరో అంచుకు జరిపాక కుదుపు పోయింది.