'పైథాన్ వచ్చు' అంటే ఎంత వచ్చు?

హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం విద్యార్థులకు ప్రాజెక్టులు పంచి, మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే మిత్రులను వారికి మెంటర్లుగా కుదిర్చే బాధ్యతను నాలుగేళ్లుగా చూస్తున్నాను. మొదటి ఏడాది ఒక ఫారం పంచాం. అందులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎంత వచ్చో చెప్పడానికి బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు గడులు. ఎవరి స్థాయికి వారే టిక్కు పెట్టుకోవాలి. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర రెండు నెలల కోర్సు చేసిన అబ్బాయి అడ్వాన్స్‌డ్ అన్నాడు. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, నాన్న కిరాణా కొట్టు ఖాతాల కోసం సొంతంగా ప్రోగ్రాం రాసిన అమ్మాయి బిగినర్ అని పెట్టుకుంది. ఆ ఫారాన్ని నమ్మి పనులు పంచాను. అమ్మాయి తన పనిని రెండు శనివారాల్లో ముగించి, మిగిలిన పది వారాలూ ఊరికే కూర్చుంది. అబ్బాయి మాత్రం కోడు మార్పులను భద్రపరిచే గిట్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరు చేసిన మార్పులు ఢీకొనడం) వచ్చిన ప్రతిసారీ, దాన్ని సరిచేయకుండా ఫోల్డరు మొత్తం తీసేసి మళ్లీ కొత్త నకలు దించుకుంటున్నాడని నాకు ఆరో వారంలో గానీ తెలియలేదు.

ఇప్పుడు పనులు పంచడానికి ముందు అందరికీ ఒకే చిన్న పని ఇస్తున్నాను: ఒక తెలుగు మాటను వెనక నుంచి ముందుకు తిప్పి చూపాలి. ఇంగ్లిషు మాటతో ఇది ఒక్క వరుస కోడు. 'తెలుగు' అని ఇస్తే మాత్రం మన కంటికి కనిపించే మూడక్షరాలు పైథాన్ లెక్కలో ఆరవుతాయి, ఎందుకంటే కంప్యూటర్లు అక్షరాలను అంకెలుగా దాచుకునే యూనికోడ్‌లో ఎత్వానికీ రెండు కొమ్ములకూ విడివిడి కోడ్‌పాయింట్లు, అంటే వేర్వేరు సంఖ్యలు, ఉన్నాయి. తిప్పితే రావలసిన 'గులుతె'కు బదులు, ముందు ఒక అనాథ కొమ్ము వేలాడుతూ, దాని వెనుక 'గులెత' వస్తుంది. అక్కడ ఎవరేం చేస్తారన్నదే నేను గమనించేది. ఫాంటు పాడైందని చెప్పి ఆగిపోయేవారు కొందరు. ఒక్కో కోడ్‌పాయింటునూ ప్రింట్ చేసి చూసుకునేవారు మరికొందరు. నిరుడు ఒకమ్మాయి, 'సార్, స్త్రీ అనేది ఒక్క అక్షరమే కదా, అందులోనూ ఆరు వస్తున్నాయి, దీన్నేం చేయాలి?' అని ఎదురు ప్రశ్న వేసింది. ఆమెకు ఏ ప్రాజెక్టు ఇవ్వాలో నేను ఇంకేమీ ఆలోచించనక్కర లేకపోయింది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుల్లో ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చే ఔట్‌రీచీలో తుది దరఖాస్తుకు ముందే అభ్యర్థి తాను ఎంచుకున్న ప్రాజెక్టుకు కనీసం ఒక కాంట్రిబ్యూషన్ చేసి చూపాలి. అలాంటి ప్రాజెక్టుల్లోనే మెంటర్లతో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలై, 2022 నుంచి విద్యార్థులు కాని కొత్తవారికి కూడా తలుపులు తెరిచింది; అక్కడ ప్రాజెక్టులు 175, 350 గంటల పరిమాణాల్లో ఉండగా, 2024లో 90 గంటల చిన్న పరిమాణాన్ని కూడా చేర్చారు. ప్రాజెక్టు వివరాల్లో ఈ గంటలతోపాటు కష్టమెంతో కూడా విడిగా రాయడం నాకు నచ్చిన విషయం. పని పెద్దదైనంత మాత్రాన కఠినం కానక్కర లేదు. వందల వాక్యాలను తెలుగులోకి తేవడం ఓపిక పని, ఒక్క వరుసలో దాగిన రేస్ కండిషన్‌ను (రెండు పనులు ఒకేసారి నడిచినప్పుడు ఏది ముందు జరుగుతుందన్న దాన్ని బట్టి వచ్చే తప్పును) పట్టుకోవడం వేరే పని.

అయితే ఆ కష్టాన్ని అంచనా వేసేది మెంటరే కావడంతో చిక్కు వస్తుంది. పదేళ్లుగా అదే కోడులో మునిగి తేలుతున్న మనిషికి అన్నీ 'ఈజీ'గానే కనిపిస్తాయి, అందులో నేనూ ఉన్నాను. అందుకే ఆ గుర్తు వేసే పనిని నిరుటి విద్యార్థులకు అప్పగించాం. మేము తేలిక అన్న దాన్ని వారు ఎర్ర పెన్నుతో కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

మెంటరు సమయం కూడా ఈ లెక్కలోకి రావాలి. ఫాంటు పాడైందన్న విద్యార్థికి తేలిక పని ఇచ్చి వదిలేస్తే సరిపోదు, వారానికి రెండుసార్లు పక్కన కూర్చునే మనిషి కావాలి. అలాంటివారిని ఒక్కో మెంటరుకు ఇద్దరికి మించి ఇవ్వడం మానేశాం. వచ్చే బ్యాచి ఫారంలో ఆ మూడు గడులు ఉండవు. వాటి చోట ఒకే ప్రశ్న ఉంచాం: 'మీ ప్రోగ్రాం చివరిసారి ఎక్కడ ఆగిపోయింది, అప్పుడు మీరేం చేశారు?'