వినైల్ సైడింగ్ వేయిస్తున్నారా? ముందు మేకులు చూడండి

ఒహాయోలో మనవాళ్ళు కొనుక్కున్న ఇళ్ళు చూడండి, ముందు వైపు ఇటుకో రాయో ఉంటుంది, మిగతా మూడు వైపులా చాలా మటుకు వినైల్ సైడింగే, అంటే గోడకి బయటి వైపు వరసలు వరసలుగా తొడిగే ప్లాస్టిక్ ప్యానెళ్ళు. కొన్నేళ్ళు గడిచాక ఎండ బాగా తగిలే గోడ మీద ప్యానెళ్ళు అలలు అలలుగా ఉబ్బుతాయి, అందరూ "ప్లాస్టిక్ కదా, ఎండకి అంతే" అని సరిపెట్టుకుంటారు. నా మాట నమ్మండి, చాలా ఇళ్ళలో అది ప్లాస్టిక్ తప్పు కాదు, మేకులు బిగించి కొట్టినవాళ్ళ తప్పు. మా ఇంటి వెనక గోడ, దాని పక్క గోడ ఈ వేసవిలో నేనూ మా తోడల్లుడూ కలిసి మార్చాం, తను ఇక్కడ రిమోడలింగ్ పనుల్లో చాలాకాలంగా ఉన్నాడు కాబట్టి ప్రతిదీ చూపిస్తూ చేయించాడు. కాంట్రాక్టర్‌కి ఇచ్చి చేయించుకునేవాళ్ళకి కూడా పనికొస్తుందని రాస్తున్నా.

ఈ సరుక్కి మా ఊరితో సంబంధం కూడా ఉంది. 1950ల చివర్లో అల్యూమినియం సైడింగ్‌కి బదులుగా వినైల్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ముందు తయారుచేసింది కొలంబస్‌లోని క్రేన్ ప్లాస్టిక్స్ అనే కంపెనీ.

వినైల్ అంటే పీవీసీయే, వేడికి బాగా సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఒక్కో ప్యానెల్ సుమారు 12 అడుగుల పొడవుంటుంది, ఇక్కడి జనవరి చలికీ జులై ఎండకీ మధ్య దాని పొడవులో అర అంగుళం దాకా తేడా వస్తుంది. అందుకే ప్యానెల్ పై అంచులో మేకుల కోసం గుండ్రటి రంధ్రాలు కాకుండా అడ్డంగా పొడుగు సందులు ఉంటాయి. మేకు ఆ సందు మధ్యలో పడాలి, తిన్నగా దిగాలి, తల పూర్తిగా ఆనకూడదు. తలకీ ప్యానెల్‌కీ మధ్య కనీసం ఇంచులో 32వ వంతు ఖాళీ వదలాలి, గుర్తుకి ఒక డైమ్ నాణెం మందం అనుకోండి. అప్పుడు ప్యానెల్ మేకుల మీద వేలాడుతూ ఉంటుంది, ఎండకి సాగినా చలికి ముడుచుకున్నా అటూ ఇటూ జరగడానికి దారి ఉంటుంది. బిగించి కొట్టారంటే సాగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది, అదే ఆ అలలు.

ప్రతి ప్యానెల్ వేశాక మా తోడల్లుడు చెప్పేది ఒకటే, "అన్నయ్యా, పట్టుకుని అటూ ఇటూ జరుపు." చేత్తో పట్టుకుని పక్కకి తోస్తే సులువుగా కదలాలి. కదల్లేదంటే ఎక్కడో ఒక మేకు బిగిసిందన్నమాట, వెతికి వదులు చేయాల్సిందే. కాంట్రాక్టర్ పని చేస్తున్నప్పుడు మీరు దగ్గర నిలబడి చేయగలిగిన పరీక్ష కూడా ఇదే, దానికి ఏ అనుభవమూ అక్కర్లేదు. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక చేతికందే ఎత్తులో ఒక పది ప్యానెళ్ళు తోసి చూడండి.

ఇంకోటి, మేకు గోడ లోపలున్న స్టడ్‌లోకి, అంటే నిలువు చెక్కలోకి దిగాలి, ఊరికే ఓఎస్‌బీలోకి (స్టడ్ల మీద కొట్టే పలచటి చెక్క షీటు) దిగితే చాలదు, గాలివానకి ఊడొచ్చేస్తుంది. 2012 జూన్‌లో డెరేచో తుఫాను వచ్చిన సంగతి అప్పట్నుంచీ ఇక్కడ ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అలాంటి గాలులు మనకి కొత్తేం కాదు. స్టడ్లు మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి కాబట్టి మేకుల దూరం కూడా అంతే. ప్యానెల్ మధ్యలో మొదలుపెట్టి రెండు చివరలకీ కొట్టుకుంటూ పోవాలి. ప్యానెల్ అడుగున ఉండే లాక్ (కొక్కెం లాంటి అంచు) కింది ప్యానెల్‌లో టక్కుమని పడాలి గానీ పైకి లాగి పట్టుకుని మేకు కొట్టకూడదు, అలా లాగితే లాక్ బిగిసిపోయి మళ్ళీ అదే ఉబ్బు. ప్యానెల్ ముఖం మీద మేకు మాత్రం ఎప్పుడూ కొట్టనివ్వకండి, అక్కడితో అది కదలడం ఆగిపోతుంది.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు గోడ మీద వేళ్ళతో కొట్టి చూసి "డొల్లగా మోగుతోందేంట్రా, వాన పడితే నీళ్ళు లోపలికి రావూ?" అని అడిగింది. ఇటుకా సిమెంటు ఇళ్ళలో పెరిగినవాళ్ళకి వచ్చే అనుమానమే, చాలా మంచి అనుమానం కూడా. నీళ్ళు సైడింగ్ వెనక్కి వెళ్తాయి, నిజమే. గాలితో కొట్టే వానలో కొంత తప్పకుండా వెళ్తుంది, ప్యానెల్ కింది అంచులో చిన్న చిన్న కన్నాలున్నది ఆ నీళ్ళు బయటికి కారిపోవడానికే. ఇల్లు తడవకుండా కాపాడేది సైడింగ్ వెనక చెక్క మీద చుట్టే హౌస్ ర్యాప్ అనే నీళ్ళు దిగని షీటు, టైవెక్ లాంటిది, ఇంకా కిటికీల చుట్టూ వేసే ఫ్లాషింగ్, అంటే నీటిని బయటికి మళ్ళించే టేపో రేకో. సైడింగ్‌కి ఎన్ని రంగుల శాంపిల్స్ చూస్తామో ఆ వెనక పొర గురించి ఒక్క ప్రశ్న కూడా అడగం, నాకు బాధనిపించేది అక్కడే.

మా ఇంట్లో పాత సైడింగ్ విప్పినప్పుడు డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) గోడకి కలిసే చోట ఓఎస్‌బీ నల్లగా అయిపోయి ఉంది, వేలితో గీకితే పొట్టులా రాలింది. డెక్ బోర్డు పైన ఫ్లాషింగ్ లేదు, ఇల్లు కట్టినప్పటి నుంచీ ప్రతి వానకీ నీళ్ళు ఆ సందులోకే. బయటి నుంచి చూస్తే ఏమీ తెలీదు, సైడింగ్ శుభ్రంగా మెరుస్తూ ఉంది. ఆ ముక్క కోసి కొత్తది వేసి ఫ్లాషింగ్ పెట్టాకే ముందుకెళ్ళాం. అందుకే పాత సైడింగ్ మీదే కొత్తది వేసేస్తాం, డబ్బు మిగులుతుంది అనేవాళ్ళ మాట వినకండి, విప్పితేనే లోపల ఏముందో తెలుస్తుంది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే విప్పే ముందు సీసం రంగు, ఆస్‌బెస్టాస్ ఉన్నాయేమో టెస్ట్ చేయించడం తప్పనిసరి అనుకోండి.

హౌస్ ర్యాప్ కింది నుంచి పైకి వేయాలి, పై వరస కింది వరస మీద పడాలి, మన పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్టు. కిటికీ దగ్గర కూడా అదే లెక్క: ముందు కింద టేప్, తర్వాత పక్కలు, చివర పైన, ఆ పై టేప్ మీదకి హౌస్ ర్యాప్ మడత దిగాలి. కిటికీ చుట్టూ జె చానెల్ (ప్యానెల్ చివర దూరే జె ఆకారపు పట్టీ) పెట్టేటప్పుడు పై ముక్క చివర చిన్న నాలుకలా కోసి పక్క చానెల్ లోపలికి వంచుతారు, పైన పడిన నీరు కిటికీ మూల దగ్గర ఆగకుండా పక్క చానెల్‌లోంచి కిందికి పోతుంది. ఈ మడత పెట్టకుండా రెండు ముక్కలూ ఆనించేసి కాల్క్ (సందులు పూడ్చే జిగురు లాంటిది) పూసి వదిలేసిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. కాల్క్ ఎండిపోయి పగులుతుంది, మడతకి ఆ గొడవ లేదు.

మిగతా పని పెద్ద కష్టం కాదు. అడుగున స్టార్టర్ స్ట్రిప్ (మొదటి వరస ప్యానెల్ పట్టుకునే పట్టీ) రసమట్టం పెట్టి చూసుకుని, ఇంటి చుట్టూ చాక్ లైన్ కొట్టి వేస్తే పైన వరసలన్నీ దాన్ని బట్టే వస్తాయి. ప్యానెల్ చివరలు మూలల దగ్గరా, చానెళ్ళలోనూ పావు అంగుళం ఖాళీ వదలాలి, బాగా చలిలో వేస్తే ఇంకొంచెం ఎక్కువ. రెండు ప్యానెళ్ళు కలిసే చోట ఒకదాని మీద ఒకటి అంగుళం ఎక్కాలి, ఆ అతుకు మనం రోజూ నడిచే వైపు నుంచి కనపడకుండా తిప్పుకోవాలి. కోతకి సన్నపళ్ళ బ్లేడుని సర్క్యులర్ సా లో తిరగేసి బిగిస్తే అంచు చితకదు. పై కప్పు కింద ఆఖరి వరస దగ్గర ప్యానెల్ పొడవునా కోసేస్తాం కాబట్టి మేకులకి సందులుండవు, అక్కడ స్నాప్ లాక్ పంచ్ అని ఒక పట్టకారు లాంటి పనిముట్టు వాడతారు, నొక్కినప్పుడల్లా చిన్న చెవి ఒకటి బయటికి లేస్తుంది, ఆ చెవులు పైనున్న ట్రిమ్‌లోకి దూరి పట్టుకుంటాయి, మేకు అవసరమే లేదు. నాకు ఈ పనంతటిలోకీ బాగా నచ్చింది అదే.

మందం సంగతి. బిల్డర్లు ఎక్కువగా వేసేది 0.040 అంగుళాలది. 0.044, 0.046 వేసుకుంటే కొంచెం గట్టిగా, తిన్నగా కనపడుతుంది, ఓపిక ఉంటే వేసుకోండి. కానీ 0.046 బిగించి కొట్టిన ఇల్లు కంటే 0.040 సరిగ్గా వేలాడదీసిన ఇల్లే ఎక్కువ కాలం బావుంటుందని నా నమ్మకం. బిడ్లు తీసుకునేటప్పుడు హౌస్ ర్యాప్, ఫ్లాషింగ్, కుళ్ళిన చెక్క మార్చడానికి షీటుకి ఎంత, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. వినైల్ సైడింగ్ ఇన్‌స్టిట్యూట్ (ఇప్పుడు పేరు పాలిమెరిక్ ఎక్స్‌టీరియర్ ప్రొడక్ట్స్ అసోసియేషన్) వాళ్ళ ఇన్‌స్టలేషన్ మాన్యువల్ ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉంది, బొమ్మలతో సహా, ఒక్కసారి తిరగేసి కాంట్రాక్టర్‌తో మాట్లాడితే మాట తీరే వేరుగా ఉంటుంది. హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే రంగుకి ముందే పర్మిషన్ తీసుకోండి.

పని అయ్యాక గ్రిల్లు గోడకి దూరంగా పెట్టండి, వినైల్ 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మెత్తబడి వంకర పోతుంది. పక్కింటి లో-ఈ కిటికీ అద్దం (వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్నది) మీద నుంచి ఎండ తిరిగొచ్చి మన గోడ మీద ఒకచోట పడినా అదే అవుతుంది, అలాంటి మచ్చ కనపడితే ముందు ఆ వెలుగు ఏ కిటికీ నుంచి వస్తోందో చూడండి. ప్రెషర్ వాషర్‌తో కింది నుంచి పైకి కొట్టకండి, నీళ్ళు వెనక్కి పోతాయి. మిగిలిన ప్యానెళ్ళు కాంట్రాక్టర్‌ని పట్టుకుపోనివ్వకండి, నాలుగైదు గరాజ్‌లో బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచి, డబ్బా మీది లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీలు రంగులు ఆపేస్తూ ఉంటాయి, వడగళ్ళకి ఒక ప్యానెల్ పగిలితే అదే రంగు దొరక్కపోవచ్చు.