చిన్న డబ్బాలో పెద్ద కూలర్: నల్లగొండ ఎండకు తట్టుకునే కంప్యూటర్, ఇప్పటిదాకా సాగిన పని

జనవరి: కొలతలు

తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం భౌతికశాస్త్ర పాఠాలను వీడియోలుగా తయారు చేస్తుంటాను కాబట్టి, కొత్త కంప్యూటర్‌కు నేను పెట్టుకున్న మొదటి షరతు వేగం గురించి కాదు, చప్పుడు గురించి. మే నెల మధ్యాహ్నం గదిలోని ఎయిర్ కూలర్ ఆపి, కిటికీలు మూసి, అదే బల్ల మీద మైకు పెట్టుకుని పాఠం చెబుతున్నప్పుడు పక్కనున్న కంప్యూటర్ డబ్బా హోరు రికార్డింగ్‌లోకి ఎక్కకూడదు. మాది పై అంతస్తు అద్దె ఇల్లు. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. బల్ల మీద చోటు కూడా తక్కువే. అందుకని డబ్బా చిన్నదిగానూ, లోపల ప్రాసెసర్ చిప్పును చల్లబరిచే కూలర్ మాత్రం అందులో పట్టినంత పెద్దదిగానూ ఉండాలని నిర్ణయించుకున్నాను.

పెద్ద కూలర్ పెడితే చిప్పు చల్లగా ఉంటుందని అందరూ అంటారు. నా లెక్కలో దాని అసలు ప్రయోజనం వేరు: దానికుండే పల్చని లోహపు రేకుల వైశాల్యం పెరిగితే అంతే వేడిని గాలికి అప్పగించడానికి ఫ్యాను నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. గాలితో పనిచేసే ఏ కూలర్ అయినా చిప్పును గది ఉష్ణోగ్రతకు ఇన్ని డిగ్రీల పైన నిలపగలదే తప్ప గది కంటే చల్లగా చేయలేదు. గది 27 డిగ్రీల నుంచి 38కి చేరితే చిప్పు కూడా ఇంచుమించు ఆ 11 డిగ్రీలూ ఎక్కుతుంది. చల్లని దేశాల వారు 20, 22 డిగ్రీల గదిలో తీసి చూపించే అంకెలకు మన వేసవి కోసం మరో పదిహేను కలుపుకొని చదవడం మంచిది.

డబ్బాగా కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200ను ఎంచుకున్నాను. కాళ్లు, బయటికి పొడుచుకు వచ్చిన భాగాలు వదిలేస్తే దాని కొలతలు 360 × 185 × 274 మి.మీ., అంటే 18.25 లీటర్లు. అందులో 170 మి.మీ. చదరంగా ఉండే మినీ ఐటీఎక్స్ రకం మదర్‌బోర్డు, 125 × 63.5 × 100 మి.మీ. కొలతల ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న రకం పవర్ సప్లై పడతాయి. సీపీయూ కూలర్‌కు ఉన్న ఎత్తు 155 మి.మీ. మాత్రమే. నాక్టువా ఎన్‌హెచ్-డి15 అనే కూలర్ ఎత్తు 165 మి.మీ. కాబట్టి దాని ఊసు ఎత్తే పని లేదు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ సరిగ్గా 155. అదే కంపెనీ వారి ఫాంటమ్ స్పిరిట్ 120 ఎస్‌ఈ 154, పైగా ఆరు గొట్టాలకు బదులు ఏడు. ఆ ఒక్క మిల్లీమీటరు కోసమే రెండోదాన్ని తీసుకున్నాను. అప్పుడు ధర నాలుగు వేల రూపాయల చుట్టుపక్కల ఉండేది.

రెండు గోపురాల మాదిరి నిలబడే రేకుల కట్టల్లోకి ఈ రాగి గొట్టాలే వేడిని మోసుకెళ్తాయి. ప్రతి గొట్టం లోపల గాలి తీసేసి, కొద్దిపాటి ద్రవం ఉంచి, రెండు కొసలూ మూసేస్తారు. చిప్పు మీదున్న అడుగు భాగంలో ద్రవం ఆవిరై, రేకుల దగ్గరికి వెళ్లి గుప్తోష్ణం వదిలి మళ్లీ ద్రవమై, గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొర గుండా కేశనాళికీయత వల్ల వెనక్కి వస్తుంది. తొమ్మిదో తరగతిలో గుప్తోష్ణం చెప్పేటప్పుడు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఫిబ్రవరి: కొనుగోలు, బిగింపు

ప్రాసెసర్ ఏఎమ్‌డీ రైజెన్ 5 7600, ఆరు కోర్లది. పేరుకు 65 వాట్లదే అయినా పూర్తి పని మీద సాకెట్ నుంచి 88 వాట్ల వరకు తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060, రెండు ఫ్యాన్లు, రెండు స్లాట్ల మందం. ర్యామ్ 32 జీబీ, రేకు తొడుగు ఎత్తుగా లేని పొట్టి రకం. డబ్బా, కూలర్, పవర్ సప్లై కోసం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి రైల్లో వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రవాడు కూలర్ పెట్టెను, డబ్బాను పక్కపక్కన పెట్టి చూసి, "గింత చిన్న డబ్బాల గంత పెద్ద కూలర్ ఎందుకు సార్, లిక్విడ్ ఏసుకోండ్రి" అన్నాడు. అతని సలహా తీసిపారేయదగినది కాదు. అయితే ద్రవాన్ని పంపుతో తిప్పే లిక్విడ్ కూలర్‌లో పంపు చప్పుడు ఎప్పుడూ ఉంటుంది, కొన్నేళ్లకు పంపు పోతే మొత్తం మార్చాలి. ఇందులోనైతే చెడిపోయేది ఫ్యాను ఒక్కటే, అదీ ఏ కంపెనీది తెచ్చి తగిలించినా సరిపోతుంది.

చిన్న డబ్బాలో బిగింపు అంటే వరుస క్రమమే. పెద్ద క్యాబినెట్‌లో ఏది ముందు, ఏది వెనుక అన్నది పట్టించుకోనక్కర లేదు. ఇక్కడ ఒక వస్తువు బిగించాక దాని కింద ఉన్నది మళ్లీ చేతికి అందదు. ఎం.2 ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ కూలర్ కంటే ముందే బోర్డు మీదికి ఎక్కాలి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్5 సాకెట్‌కు బోర్డుతో వచ్చే వెనుక పలకను అలాగే ఉంచి, పైనున్న ప్లాస్టిక్ కొక్కేలను మాత్రం విప్పి, ఆ మరల స్థానంలో కూలర్‌తో ఇచ్చిన స్తంభాలను బిగించాలి.

ఈ ప్రాసెసర్ల మీది లోహపు మూతకు అంచుల వెంట గాట్లు ఉంటాయి, వాటి మధ్య చిన్న చిన్న కెపాసిటర్లు కనిపిస్తాయి. పేస్టు అటు కారుతుందేమోనని చాలామంది భయపడి మరీ తక్కువ రాస్తారు. విద్యుత్తు ప్రవహించని మామూలు పేస్టు అయితే అక్కడికి చేరినా నష్టం లేదు, తుడవడానికి చిరాకు తప్ప. మధ్యలో శనగ గింజంత, నాలుగు మూలలకూ ఆవగింజంత చొప్పున పెట్టి కూలర్‌ను నిలువుగా దించాను. దాన్ని పట్టి ఉంచే రెండు మరలు గోపురాల నడుమ ఉంటాయి కాబట్టి నడిమి ఫ్యాను తీసేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో ఒక్కోదానికి రెండేసి చుట్లు చొప్పున మార్చి మార్చి బిగించాలి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే అడుగు వాలి పేస్టు ఒక పక్కకు పోతుంది.

ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైరు సాకెట్ బోర్డు పై మూలలో, సరిగ్గా కూలర్ నీడలో ఉంటుంది. బోర్డును డబ్బాలోకి దించే ముందే ఆ వైరును పై చట్రం మీదుగా లాగి ఉంచుకుని, బోర్డు సగం దిగినప్పుడే గుచ్చడం తప్ప మరో దారి లేదు. ఎన్‌ఆర్200కు అన్ని వైపుల పలకలూ ఊడివస్తాయి కాబట్టి ఇది సాధ్యమైంది. ముందు ఫ్యాను ర్యామ్ పైన నిలుస్తుంది. దాన్ని రెండు మిల్లీమీటర్లు పైకి జరిపినా పక్క పలక మూసుకోదు. పొట్టి ర్యామ్ కొనడానికి కారణం అదే.

చివరికి పలక మూసి, పోస్టుకార్డు నుంచి కత్తిరించిన సన్నని ముక్కను గొట్టాల కొసలకూ పలకకూ మధ్య జరిపి చూశాను. ఏడు కొసల దగ్గరా ఆగకుండా జారింది. ఏ ఒక్కటి తగిలినా ఫ్యాను కంపనం పలకకు అంది డబ్బా మొత్తం గుయ్యిమంటుంది. పక్క పలక గాజుది కాకుండా రంధ్రాలదై ఉండటం ఇక్కడ తప్పనిసరి, ఎందుకంటే కూలర్‌కు కావలసిన చల్లగాలిలో చాలా భాగం అటునుంచే వస్తుంది.

మొదటిసారి స్విచ్ వేశాక తెర చాలాసేపు నల్లగానే ఉంటుంది. ఏఎమ్5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌ను మొదటిసారి పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. కంగారుపడి ఆపేయకుండా టీ తాగి రావడం ఉత్తమం.

మార్చి: చప్పుడు ఎక్కడిది?

గది 27 డిగ్రీలు ఉన్నప్పుడు వీడియో ఎగుమతి చేస్తుంటే, అంటే ఎడిట్ చేసిన పాఠాన్ని చివరి ఫైలుగా మారుస్తుంటే, చిప్పు 67 డిగ్రీల దగ్గర నిలిచింది, ఫ్యాన్లు నిమిషానికి 900 చుట్లు. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలర్‌ను పోలిక కోసం ముందే బిగించి చూసినప్పుడు అదే పనికి చిప్పు 90 దాటింది, ఫ్యాను కీచుమంది. ఈ చిప్పుకు కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు.

ఉష్ణోగ్రత బాగానే ఉన్నా రికార్డింగ్‌లో మాత్రం సన్నని జోరు వినిపిస్తూనే ఉంది. ఫోన్‌లో డెసిబెల్‌లు చూపే యాప్‌ల మీద నాకు నమ్మకం లేదు. నేను మాట్లాడకుండా కూర్చున్న నిమిషం రికార్డింగ్‌ను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పౌనఃపున్యాల గ్రాఫుగా మార్చి చూశాను. 200 హెర్ట్జ్ దాటాక ఒకే చోట నిటారుగా ఒక శిఖరం ఉంది. ఫ్యాను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో దాన్ని రెక్కల సంఖ్యతో గుణించి 60తో భాగిస్తే దాని స్వరం తెలుస్తుంది. ఏడు రెక్కల ఫ్యాను 1800 చుట్లు తిరిగితే 210 హెర్ట్జ్ వస్తుంది. ఆ లెక్కలో కూలర్ ఫ్యాన్లు, డబ్బా పైకప్పు ఫ్యాను ఏవీ దగ్గరకు రాలేదు. దొరికింది డబ్బాతో పాటు వచ్చిన 92 మి.మీ. వెనుక ఫ్యాను. చిన్న ఫ్యాను అంతే గాలి తోయాలంటే వేగంగా తిరగక తప్పదు, దాని స్వరం కూడా చెవికి తగిలే స్థాయిలో ఉంటుంది. ప్లగ్ పీకేసి మళ్లీ కొలిస్తే చిప్పు పెరిగింది ఒక్క డిగ్రీ, గ్రాఫులో శిఖరం మాయం. కూలర్ వెనుక గోపురం ఎలాగూ ఆ ఫ్యాను బిగించిన రంధ్రాల ఎదురుగానే ఉండి గాలిని బయటకు ఊదుతోంది కాబట్టి ఆ ఫ్యానును పూర్తిగా తీసేశాను.

రైజెన్ చిప్పుల ఉష్ణోగ్రత క్షణంలో పది డిగ్రీలు ఎగిరి క్షణంలో పడుతుంది. ఫ్యాన్లు దాని వెంట పరుగెత్తితే వేగం పెరగడం, తగ్గడం చెవికి తెలుస్తుంది. స్థిరమైన చప్పుడు కంటే అదే ఎక్కువ ఇబ్బంది. బోర్డు సెట్టింగులు ఉండే బయోస్‌లో ఫ్యాను స్పందనకు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టి, 70 డిగ్రీల దాకా ఫ్యాను వేగం గీతను ఇంచుమించు సమతలంగా ఉంచాను. ఇంత లోహం ఉన్న కూలర్‌కు ఆ కాస్త ఆలస్యం లెక్కలోది కాదు.

మే: అసలు పరీక్ష

బయట 44 డిగ్రీలు, ఎయిర్ కూలర్ ఆపిన గదిలో 38. పాఠం రికార్డు చేస్తున్నంతసేపు ప్రాసెసర్ మీద భారం తక్కువే. చిప్పు 60 దాటలేదు, ఫ్యాన్లు 600 చుట్ల దగ్గర ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు తిరగనేలేదు. మౌనంగా ఉన్న చోట రికార్డింగ్‌లో మిగిలిన శబ్దం మార్చిలో ఆ వెనుక ఫ్యాను తీసేశాక ఎంతో ఇప్పుడూ అంతే. నేను కోరుకున్నది ఇదే.

ఎగుమతి సంగతి వేరు. చిప్పు 79 డిగ్రీలకు, ఫ్యాన్లు 1100 చుట్లకు చేరాయి. ప్రమాదం ఏమీ లేదు గానీ డబ్బా పైభాగం మీద చెయ్యి పెడితే లోపలి గాలి ఎంత వేడిగా ఉందో తెలుస్తోంది. ఇలాంటప్పుడు ఇంకా పెద్ద కూలర్ వల్ల ఒరిగేది లేదు, లోపలికి వచ్చే గాలి దారే చూడాలి. గ్రాఫిక్స్ కార్డు రెండు స్లాట్లదే కాబట్టి దాని కింద 25 మి.మీ. మందపు 120 మి.మీ. ఫ్యాన్లు రెండు పట్టాయి. అవి కింది నుంచి గాలి లాగేలా బిగిస్తే కార్డు 6 డిగ్రీలు, ప్రాసెసర్ 2 డిగ్రీలు దిగాయి. డబ్బా పైకప్పుకు రెండో ఫ్యాను కూడా పెట్టి చూశాను, తేడా కనిపించలేదు, తీసేశాను. బయోస్‌లో ప్రాసెసర్ గరిష్ఠ వాడకాన్ని 88 వాట్ల నుంచి 65కి తగ్గించడం వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది: 77 నుంచి 69కి దిగింది, 21 నిమిషాల ఎగుమతి 22 నిమిషాలైంది. వేసవి మూడు నెలలూ అలాగే ఉంచుతాను.

దుమ్ము గురించి ఒక మాట చెప్పాలి. మా ఊళ్లో ఎయిర్ కూలర్‌లో పోసే బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. ఎయిర్ కూలర్ గాలికి ఎదురుగా డబ్బా పెట్టిన రోజుల్లో కింది జల్లెడ మీద మామూలు బూడిద రంగు దుమ్ముతో పాటు తెల్లని గరుకు పొర పేరుకుంది. బ్రష్‌తో రుద్దితే రాలలేదు, నీళ్లలో నానబెట్టి కడిగితేనే పోయింది. జల్లెడను కడగవచ్చు గానీ రేకుల మీద ఆ పొర పట్టితే వదిలించడం కష్టం. డబ్బాను ఇప్పుడు ఎయిర్ కూలర్ గాలి సూటిగా తగలని మూలకు మార్చాను. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగులు పాడవుతాయి.

ఇన్వర్టర్‌ను, బ్యాటరీకి త్వరగా మారే యూపీఎస్ మోడ్‌లో పెట్టాను. మామూలు మోడ్‌లో కరెంటు పోయి బ్యాటరీకి మారేలోపు కంప్యూటర్ ఆగిపోయే అవకాశం ఉంది.

బడికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు డబ్బాను నిలబెట్టకుండా, బోర్డు నేలకు సమాంతరంగా ఉండి కూలర్ దాని పైన నిలిచేలా పడుకోబెట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకుంటున్నాను. అంత బరువున్న లోహం అడ్డంగా వేలాడుతూ స్పీడ్ బ్రేకర్ల మీద ఊగితే భారమంతా బోర్డు మోయాలి.

వానలు పడి గది 30కి దిగాక పరిమితిని తిరిగి 88 వాట్లకు పెంచి, కింది ఫ్యాన్లలో ఒకటి తీసేసి కొలుస్తాను. కార్డు దగ్గర తేడా రెండు డిగ్రీల లోపే ఉంటే ఆ ఫ్యానును కూడా అటకెక్కిస్తాను.