వెస్ట్‌వరల్డ్ చూసే ముందు టీవీలో జూమ్ తీసేయండి

బరంపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో టీవీని ఒకసారి జూమ్‌లో పెట్టారంటే ఇక దాన్నెవరూ ముట్టుకోరు. పాత తెలుగు సినిమాల నలుచదరపు బొమ్మ తెరంతా నిండాలని పెట్టిన సెట్టింగు అది. హోస్ట్‌లనే మరమనుషులతో నడిచే వినోద పార్కు కథ చెప్పే ఇంగ్లీషు సీరియల్ వెస్ట్‌వరల్డ్‌కి మాత్రం పనికిరాదు.

రెండో సీజన్ నుంచి ఈ సీరియల్ కథలో ఒక ముఖ్యమైన సంగతిని బొమ్మ కొలతతోనే చెబుతుంది. మామూలు సీన్లు తెర నిండా 16:9లో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) ఉంటాయి. కంప్యూటర్ లోపలి నకిలీ లోకంలో జరిగేవి 2.39:1కి సాగి, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 1080 గీతల తెరలో బొమ్మకు దక్కేది సుమారు 803, మిగతాది నలుపు. జూమ్ ఉంటే ఆ పట్టీలు తెర బయటికి పోతాయి, అటూ ఇటూ కలిపి బొమ్మ వెడల్పులో పావు వంతు తెగుతుంది. అప్పుడు ఏది నిజమో ఏది నకిలీయో తెలియక, కథ అర్థం కాలేదని సీరియల్‌ని తిట్టుకుంటాం. పిక్చర్ సైజును 16:9లోనో ఒరిజినల్‌లోనో పెట్టండి. కదలికలను నున్నగా చేసే మోషన్ సెట్టింగునూ ఆపేయండి. దీన్ని 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు, ఆ సెట్టింగు ఉంటే స్టూడియోలో తీసిన డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది.

బొమ్మతోనే కథ చెప్పడం మూలంలోనూ ఉంది. ఈ సీరియల్‌కి ఆధారమైన, మైకేల్ క్రైటన్ రాసి తీసిన 1973 నాటి వెస్ట్‌వరల్డ్ సినిమాలో యూల్ బ్రిన్నర్ వేసిన తుపాకీ మరమనిషి కంటికి లోకం రంగు గళ్లుగా కనిపిస్తుంది. సినిమాల్లో కంప్యూటర్‌తో బొమ్మను అలా మార్చడం అదే మొదలు. జాన్ విట్నీ జూనియర్ చేసిన ఆ పని మొత్తం రెండున్నర నిమిషాలు మాత్రమే, పది సెకన్ల బొమ్మకు ఎనిమిది గంటలు పట్టేదట. 2016లో మొదలైన సీరియల్ చేసిందల్లా ఆ చూపులోకి దూరి, అక్కడే కూర్చోవడం. ఇక్కడ బాధపడేది మరమనిషే.

మొదటి సీజన్లో చిక్కు కొలతది కాదు, కాలానిది. మూడు కాలాలు కలిసి నడుస్తాయి, తేదీలు వెయ్యరు. (రహస్యాలు అసలే వద్దనుకుంటే ఈ పేరా దాటెయ్యండి.) ముఖ్యపాత్ర అయిన హోస్ట్ డొలొరెస్ బట్టలను నమ్మకండి, వేరే కాలంలోనూ అవే ప్యాంటు, చొక్కా వేసుకుంటుంది. గోడల మీద పార్కు చిహ్నం చూడండి, పాతదీ కొత్తదీ వేరు. తెల్ల చర్చి ఉన్న ఊరు ఇంకా గట్టి గుర్తు: చెక్కుచెదరకుండా ఉంటే అన్నిటికంటే పాత కాలం, శిఖరం తప్ప అంతా ఇసుకలో కూరుకుపోయి ఉంటే మధ్య కాలం, తవ్వి తీసి ఉంటే ఇప్పటిది. కోస్తే లోపల లోహపు యంత్రం కనిపించిన హోస్ట్ పాత రకం.

ఒకే కథను రోజూ ఆడే హోస్ట్‌లు గాడి తప్పడం మన గంజాం జిల్లా వాళ్లకు కొత్తగా అనిపించకపోవచ్చు. ప్రహ్లాద నాటకంలో నరసింహుడి ముఖం పెట్టుకున్నాయనకు పూనకం వచ్చి, పాత్ర దాటిపోయి, నలుగురు పట్టుకుని ఆపాల్సి వస్తుంది కదా! సినిమాలో యంత్రాల లోపం అంటురోగంలా పాకుతుంది, కారణం తేల్చరు. సీరియల్లో కారణం ఉంది: చెరిపేశామనుకున్న జ్ఞాపకాలను చిన్న చిన్న చేతి కదలికల ద్వారా తిరిగి తెచ్చే కొత్త ప్రోగ్రామ్.

సబ్‌టైటిల్స్ తప్పక పెట్టుకోండి. పార్కు కర్తగా వేసిన ఆంథొనీ హాప్కిన్స్ ముఖ్యమైనవన్నీ గొంతు తగ్గించే అంటాడు. నగ్నత్వం, రక్తం బాగా ఉన్నాయి, కాబట్టి పిల్లలు పడుకున్నాకే.

మొదటి సీజన్ పది భాగాలు, చివరిది గంటన్నర. అక్కడితో ఆగినా కథ నిండుగానే ఉంటుంది. రెండోది ఓపికున్నవాళ్లకు. మూడు, నాలుగు ఎనిమిదేసి భాగాలు, పార్కు వదిలి బయట నగరాల్లోకి వెళ్లాక పట్టు సడలిందని నా లెక్క. 2022లో సీరియల్‌ను రద్దు చేశారు కాబట్టి ఐదో సీజన్ కోసం వెతకకండి. అదే సినిమా ఆధారంగా 1980లో ‘బియాండ్ వెస్ట్‌వరల్డ్’ పేరుతో వచ్చిన మరో సీరియల్ కనబడితే, దానికీ ఈ సీరియల్‌కీ సంబంధం లేదు. ఐదు భాగాలు తీసి, మూడు ప్రసారం చేసి ఆపేశారు.