పేరు ఒకటే, స్కోరు 0.58

మంగళవారం రాత్రి

పొద్దున నానక్‌రామ్‌గూడ సిగ్నల్ దగ్గర ఉండగానే మా ఆరోగ్య బీమా కంపెనీలో క్లెయిములు చూసే డాక్టరు గారి ఫోన్. "మీ మోడల్ మళ్ళీ ఒకావిడ ఫైల్ ఆపేసిందమ్మా. గంటన్నర అయింది, చూడు." కాగితాల్లోని పేర్లు ఒకరివేనా అని పోల్చి స్కోరిచ్చే ఆ ఏఐ మోడల్ మా టీమ్‌ది. ఈయన నాకు ఫోన్ చేశారంటే బాగుందని చెప్పడానికి మాత్రం కాదు.

గుంటూరులో మోకాలి ఆపరేషన్. ఫైనల్ బిల్లు వచ్చేసింది, పేషెంటు బట్టలు సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది, కొడుకు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం డిశ్చార్జి రిక్వెస్టుకు మేం మూడు గంటల్లోపు జవాబు చెప్పాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది మా కంపెనీ వాటాదారుల నిధి నుంచి పోతుంది. ఆ గడియారం నా డాష్‌బోర్డులో ఎర్రగా తిరుగుతూనే ఉంటుంది. కలలోకి కూడా వస్తోంది ఈమధ్య.

ఆపింది పేరు దగ్గర. అసలు పేరు రాయను, ఇలాంటిదే అనుకుందాం: పాలసీలో కె.వి.ఎస్. లక్ష్మి. ఆధార్‌లో కొల్లి వెంకట సుబ్బలక్ష్మి. ఆసుపత్రిలో సుబ్బలక్ష్మి కె., అదీ ఇంగ్లీషులో 'క్ష'కి ఎక్స్ పెట్టి. మన ఊళ్ళో ఏ పోస్ట్‌మ్యాన్‌ని అడిగినా ముగ్గురూ ఒకరే అంటాడు. మోడల్ 0.58 అంది. 0.80 దాటకపోతే 'గుర్తింపు అనుమానం' అని క్వెరీ పడి ఫైల్ ఆగిపోతుంది.

ఆ 0.80 నేను పెట్టిందే. ఫ్రాడ్ టీమ్ 0.85 అడిగింది, నేను బేరమాడి తగ్గించాను, తగ్గించినందుకు సంతోషించాను కూడా. పరీక్షించిన పేర్లలో తెలుగువాళ్ళవి ఎన్ని ఉన్నాయో ఆ రోజు నేను అడగలేదు.

డాక్టరు గారు తనే చూసి ఫైల్ వదిలేశారు, ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా. తర్వాత మధ్యాహ్నమంతా మీటింగే. మా డేటా సైంటిస్ట్ భోపాల్ కుర్రాడు. ఇంటిపేరు ముందు ఎందుకొస్తుంది, ఒక్క అక్షరమై ఎందుకు ముడుచుకుపోతుంది అని అడిగితే బోర్డు మీద మా తాతగారి పేరు రాసి చూపించాను. వాడు మోడల్‌ని మళ్ళీ ట్రైన్ చేద్దామన్నాడు. వద్దన్నాను. కార్డు నంబరు, పుట్టిన తేదీ, ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి) అప్పుడు తీసిన ఫోటో అన్నీ కలిసినప్పుడు పేరొక్కదాన్ని పట్టుకుని మనిషిని ఆపడం దేనికి?

ఫ్రాడ్ టీమ్ మేనేజరు ఒప్పుకోలేదు. అక్క కార్డు మీద చెల్లెలు చేరిన కేసులున్నాయి కదా అన్నారు. ఉన్నాయి, కాదనను. కానీ కార్డు అరువు తెచ్చుకున్న మనిషి పేరు తప్పుగా చెప్పదు. కార్డు మీదున్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా చెప్తుంది. దానికి మా మోడల్ 1.00 ఇచ్చి సాగనంపుతుంది. తడబడేది సొంత పేరున్నవాళ్ళే. ఈ మాట అన్నాక గది కాసేపు నిశ్శబ్దమైంది, అయినా ఒప్పుకున్నట్టు కాదు. పాత క్వెరీల్లో ఎన్ని నిజంగా మోసాలో లెక్క తీసుకురమ్మన్నారు. న్యాయమే. గురువారానికి తీయాలి. అప్పటిదాకా పేరు దగ్గర ఆగినవన్నీ ఇద్దరు మనుషులు కూర్చుని చూస్తారు. ఏఐ ప్రొడక్ట్ అని చెప్పుకుంటాం మరి.

అందరూ వెళ్ళాక నా పేరే కొట్టి చూశాను. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. 0.49.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను, తన పాలసీలో నామినీగా నా పేరు ఏ ఇంటిపేరుతో ఉందని. "ఏదో ఒకటి రాశాడులేవే ఏజెంటు, బీరువాలో ఉంది" అంది. శనివారం తెనాలి వెళ్ళాలి.