పానగల్లు చెరువు గట్టున పన్నెండు ఆదివారాలు

ఎమ్మెస్సీ జువాలజీలో ప్రాజెక్టు ఎంచుకోమన్నప్పుడు, తేలిగ్గా అయిపోతుందని పక్షుల అంశం పట్టుకున్నాను. మాది నల్లగొండ. పానగల్లు ఉదయసముద్రం మా ఇంటి నుంచి బండి మీద పావుగంట. పొద్దున్నే వెళ్లడం, లెక్కపెట్టడం, చివర్లో బైండింగ్ చేయించడం, అంతే కదా అనుకున్నా.

డిసెంబరులో మొదలుపెట్టి నాలుగు ఆదివారాల లెక్క మా గైడ్ మేడంకి చూపించాను. పేరు, సంఖ్య, తేదీ. ఆమె రెండు పేజీలు తిప్పి, "ఇది హాజరుపట్టీలా ఉందమ్మా. ఇన్ని రకాలు ఒక్క చెరువులో ఎట్లా సర్దుకుంటున్నాయో ఇందులో ఎక్కడుంది?" అన్నారు. బస్టాండు దాకా నడుచుకుంటూ వచ్చేశాను. బండి కాలేజీలోనే మర్చిపోయానని అక్కడికొచ్చాక గుర్తొచ్చింది.

ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకున్నా. ఒకే వనరు మీద ఒకే తీరుగా బతికే రెండు జాతులు ఎక్కువ కాలం కలిసి ఉండలేవని రష్యాకు చెందిన జీవశాస్త్రవేత్త గాస్ 1934లో రాశాడు. ఆయన ప్రయోగాలు గాజు గొట్టాల్లో పెంచిన సూక్ష్మజీవుల మీద. 1958లో అమెరికాలో రాబర్ట్ మెకార్థర్ ఒకే అడవిలో ఉండే ఐదు రకాల చిన్న పిట్టల్ని గమనించాడు. చెట్టును బొమ్మగీసి భాగాలు చేసి, ఏ పిట్ట ఏ భాగంలో ఎన్ని సెకన్లు గడిపిందో లెక్కగట్టాడు. అన్నీ పురుగులే తింటున్నా ఒకటి కొమ్మల చివర్లలో, ఇంకొకటి చెట్టు కిందిభాగంలో ఎక్కువసేపు వెతుక్కుంటున్నాయి. నా నోటుబుక్కులో సెకన్లూ లేవు, చెట్టు బొమ్మా లేదు.

ఐదో ఆదివారం కొత్త గడులు గీసుకుని వెళ్లాను: ఎక్కడ, ఎంత లోతు, ఎట్లా తింటోంది. లోతు కొలవడానికి కర్రేమీ అక్కర్లేకపోయింది, పక్షి కాళ్లే చాలు. పొడుగు ఎర్రకాళ్ల ఉల్లంకి "మోకాలి" దాకా నీళ్లలో ఉందని రాస్తే, అది మోకాలు కాదు, చీలమండ అని మేడం తర్వాత దిద్దారు. పక్షి అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుందట.

ఆ రోజు ఒక చిన్న తెల్లకొంగను చాలాసేపు చూశాను. నల్లటి కాళ్లు, పసుపు వేళ్లు. ఒక కాలు ముందుకు పెట్టి బురదలో వేళ్లను వణికిస్తుంది. బెదిరిన చేపపిల్ల కదలగానే ముక్కు దూసేస్తుంది. పది అడుగుల అవతల గుడ్డికొంగ గడ్డిలో రాయిలా నిలబడి ఉంది, చేప తన దగ్గరికి రావాలంతే. నీటికాకి లోపలికి మునిగి తరుముతోంది. నత్తగుల్ల కొంగకు చేపతో పనే లేదు, దాని ముక్కు మధ్యలో సందు ఉంటుంది, నత్తలు దొరికితే చాలు.

వల ఆరేసుకుంటున్న తాత ఒకాయన నా గడులు చూసి, "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు. చెప్పాను. నవ్వి, "గాలానికి ఒక చేప వడ్తది, వలకు ఒకటి వడ్తది. గవిటిది గూడ గంతే," అన్నాడు. రెండు రోజులు పుస్తకాలతో కుస్తీపట్టిన నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆ మాటే రిపోర్టు ముందుమాటలో పెట్టుకున్నాననుకోండి.

తొమ్మిదో ఆదివారం వెళ్లేసరికి కాలువ నీళ్లు వచ్చి చెరువు నిండుగా ఉంది. అంచున ఉండే బురద పట్టీ మొత్తం మునిగిపోయింది. ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చి ఆ బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే చిన్న ఉల్లంకులు ఒక్కటీ లేవు. నీటికాకులు, మునుగుడు కోళ్లు మాత్రం హాయిగా ఉన్నాయి. నా డేటా నాశనమైందని మేడంకి ఫోన్ చేసి దాదాపు ఏడ్చేశాను. ఆవిడ ఒకే ప్రశ్న అడిగారు: "ఉల్లంకుల్ని అక్కడి నుంచి ఎవరు తరిమారు?"

ఎవరూ తరమలేదు. కాళ్లు ఆనే చోటు లేక అవే వెళ్లిపోయాయి. అప్పటిదాకా నేను ప్రతి తేడానూ జాతుల మధ్య పోటీ ఖాతాలో వేసేస్తున్నాను. పుస్తకాల్లోనూ ఇదే తగాదా ఉంది. న్యూగినీ దగ్గరి దీవుల్లో కొన్ని పక్షి జతలు ఒకే దీవిలో కలిసి కనిపించవని, దానికి పోటీయే కారణమని జేర్డ్ డైమండ్ అనే శాస్త్రవేత్త 1975లో రాస్తే, అలాంటి అమరిక యాదృచ్ఛికంగానూ రావచ్చని కానర్, సింబర్లాఫ్ అనే మరో ఇద్దరు 1979లో ఎదురు తిరిగారు. ఉల్లంకి కాళ్ల పొడుగు మా చెరువులో కొంగతో తగాదా పడి వచ్చింది కాదు, అది ఎక్కడో ఎప్పుడో వచ్చిన కాళ్లతోనే ఇక్కడ దిగింది. ఏ వారం ఎవరుండాలో ముందు నీటిమట్టం తేలుస్తోంది. మిగిలినవాళ్ల మధ్య పోటీ ఉందో లేదో పన్నెండు ఆదివారాల్లో తేలే సంగతి కాదు.

రెండు అధ్యాయాలు మళ్లీ రాశాను. "పోటీ వల్ల" అన్నచోటల్లా "లోతును బట్టి" అని మార్చాను. వైవాలో బయటి నుంచి వచ్చిన సారు పక్షుల జోలికే పోలేదు, కాలువ నీళ్లు ఏ తేదీన వదిలారని మాత్రం అడిగారు. అదృష్టం, రాసిపెట్టుకున్నాను. బైండింగ్ కాపీలో ఇరవై మూడో పేజీలో ఒక "పోటీ వల్ల" ఇంకా మిగిలిపోయింది. మేడం దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఇచ్చారు.